ఫ్యాన్లు తిరిగినా తెర వెలగని కంప్యూటర్: ఇంట్లో విప్పి చూడాలా, షాపుకు తీసుకెళ్లాలా?

ఖర్చు: ఇంట్లో అయితే ఒక స్క్రూడ్రైవర్ చాలు. షాపులో పరీక్షకే రుసుము ఉంటుంది, భాగం మార్చవలసి వస్తే దాని ధర అదనం.

శ్రమ: షాపుకు మోసుకెళ్లడమే పని. ఇంట్లో ఓపిక కావాలి. ముందుగా మదర్‌బోర్డుపై సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు నుంచి మొదలవడం) అనే చిన్న దీపాలుంటే వాటిలో ఏది ఆరకుండా నిలిచిందో గమనించాలి; కంప్యూటర్ ఆగిపోయింది ఆ దశలోనే. డీర్యామ్ దీపమైతే, ఒకే ర్యామ్‌ను ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో టిక్కుమనేదాకా నొక్కి చూడాలి. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ వాడే బోర్డులు తొలిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి కనుక తొందరపడి పవర్ ఆపకూడదు. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్‌ను మరిచిపోవడం, పేరు చివర ఎఫ్ ఉన్న, అంటే లోపల గ్రాఫిక్స్ లేని, ఇంటెల్ ప్రాసెసర్ పెట్టుకుని మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించడం తరచుగా జరిగేవే. ఇలాంటి వాటికి షాపులో డబ్బు కట్టడం దండగ.

నష్టభయం: ఇంట్లో ప్రాసెసర్‌ను పైకి తీసేటప్పుడు సాకెట్ పిన్నులు వంగితే వారంటీ వర్తించడం కష్టం. అక్కడిదాకా వెళ్లకపోవడమే మేలు.

కొత్తగా బిగించిన యంత్రానికి ఇల్లే సరైన చోటు. నిన్నటిదాకా బాగా పనిచేసి ఆగిపోయినదానికీ, బయోస్ (మదర్‌బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) పాతదై కొత్త ప్రాసెసర్‌ను గుర్తించనిదానికీ షాపు నయం. మార్చి చూడటానికి పనిచేసే పవర్ సప్లై, ప్రాసెసర్ అక్కడ దొరుకుతాయి.