పాత రాతి పుట్టుక తెలియాలంటే జిర్కాన్ మేలా, రాతి పొడి మేలా?

చేతిలో ఒక పాత గ్రానైట్ ముక్క ఉంది. అది ఏ కాలపు భూపటలమో, దేని నుంచి పుట్టిందో తేల్చాలి. రాయి మొత్తాన్ని పొడి చేసి రసాయన కూర్పునూ నియోడిమియం అనే లోహపు ఐసోటోపులనూ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలవవచ్చు. లేదా అందులోని జిర్కాన్ అనే గట్టి ఖనిజపు రేణువులను ఏరి, ఒక్కొక్కదాని వయసు కట్టవచ్చు. రెండూ కావాలన్నది నిజమే. కానీ ముందు దేన్ని నమ్మాలి?

నేనైతే ముందు జిర్కాన్‌నే నమ్ముతాను. అది స్ఫటికంగా గట్టిపడేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ యురేనియం కాలక్రమంలో క్షయించి సీసంగా మారుతుంది. కాబట్టి ఇవాళ అందులో ఉన్న సీసం ఇంచుమించు అంతా అక్కడ పుట్టినదే. పైగా ఒకే రేణువులో రెండు గడియారాలు. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235ది 70 కోట్ల ఏళ్లు. మధ్యలో సీసం జారిపోతే రెండూ వేర్వేరు వయసులు చూపి, ఆ సంగతి పట్టిస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన ఒక రేణువు వయసు సుమారు 440 కోట్ల ఏళ్లు. దాన్ని కన్న రాయి ఎన్నడో అరిగిపోయింది. ఇక పొడి చేయడానికి ఏముంది?

రేణువును రెసిన్‌లో పొదిగి, సగం వరకు అరగదీసి, ఎలక్ట్రాన్ పుంజం కింద పెట్టి చూడాలి. ఉల్లిపొరల్లా వలయాలు వెలుగుతాయి. ఒక్కోసారి నడుమ మొనలు అరిగిన పాత గర్భం, దాని చుట్టూ పదునైన కొత్త అంచు కనిపిస్తాయి. 20–30 మైక్రాన్ల చుక్క మేర అయాన్ పుంజం తాకిస్తే గర్భం ఒక వయసు, అంచు మరొక వయసు చెబుతాయి. రాయిని పొడి చేస్తే ఈ తేడా అంతా అందులో కలిసిపోతుంది.

అయితే 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ అప్పుడే ప్రావారం (పటలం కింది పొర) నుంచి వచ్చిన కొత్త సరుకా, పాత పటలం మళ్లీ కరిగి గడ్డకట్టినదా? వయసు ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబివ్వలేదు. ఇక్కడ రసాయనమే దిక్కు. స్ట్రాన్షియం ఎక్కువగా, ఇట్రియం, ఇటర్బియం బాగా తక్కువగా ఉంటే, ఈ చివరి రెండింటినీ పట్టి ఉంచే గార్నెట్ అనే ఖనిజం లోతున మిగిలిపోయిందని అర్థం. అంటే నీరు చేరిన బసాల్ట్ (నల్లని లావా రాయి) చాలా లోతున కరిగిందన్నమాట. ఏ గడియారమూ చెప్పలేని మాట ఇది.

పొడి నుంచి లెక్కగట్టే నియోడిమియం ‘నమూనా వయసు’ను (ఆ సరుకు ప్రావారం నుంచి ఎప్పుడు విడిపోయిందన్న అంచనాను) మాత్రం నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. పాత సరుకూ కొత్త సరుకూ కలిసిన రాయి రెంటికీ నడుమ ఒక వయసు చూపుతుంది. ఆ కాలంలో నిజానికి ఏ పటలమూ పుట్టి ఉండకపోవచ్చు!

అందుకే వయసు కట్టిన జిర్కాన్‌లోనే హాఫ్నియం ఐసోటోపులు కూడా కొలవడం నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. జిర్కాన్‌లో హాఫ్నియం దండిగా, దాన్ని పుట్టించే ల్యుటీషియం అతి తక్కువగా ఉంటాయి. అందువల్ల మూలాన్ని తెలిపే హాఫ్నియం ఐసోటోపుల నిష్పత్తి, స్ఫటికం పుట్టిననాడు ఎలా ఉందో దాదాపు అలాగే చెక్కుచెదరకుండా ఉంటుంది. పుట్టిన కాలమూ మూలమూ ఒకే రేణువులో దొరుకుతాయి.

బసాల్ట్ దగ్గర ఈ దారి సాధారణంగా మూసుకుపోతుంది. అందులో జిర్కాన్ అరుదు. అక్కడ పొడి చేయక తప్పదు. కానీ ముందు పలుచని కోత తీసి సూక్ష్మదర్శిని కింద చూసి, వేడికీ నీటికీ అంతగా మారని ముక్కను ఎంచుకున్నాకే రాయిని నూరాలి.