క్రెడిట్ ట్రాన్స్‌ఫర్‌తో బీటెక్ సీటు అంటారు, ఆర్డర్ కాగితం చూడకుండా రూపాయి కట్టకండి

డిప్లొమావాళ్లు నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష ఈసెట్. దాని ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా హన్మకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో కరెంటు స్తంభాల మీద ఒకే రకం కాగితాలు కనిపిస్తాయి. "డిస్కంటిన్యూ అయ్యారా? బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా? పాత క్రెడిట్లతో నేరుగా థర్డియర్!" కింద సెల్ నంబరు ఉంటుంది, కాలేజీ పేరు ఉండదు. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి ఆఫీసుకు రమ్మంటారు. పోయి కూర్చున్నాక "సీట్లు రెండే మిగిలినయి సార్, ఇయ్యాల పదివేలు కడితే బ్లాక్ చేస్తం" అంటారు. ఆ పదివేలతో మొదలై లక్ష దాటాక, సెమిస్టర్ పరీక్షల ముందు తెలుస్తుంది పిల్లాడి పేరు ఏ యూనివర్సిటీ రికార్డులోనూ లేదని. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ విద్యా సంవత్సరం మాత్రం మళ్లీ రాదు.

క్రెడిట్లంటే పాసైన ఒక్కో సబ్జెక్టుకు లెక్కలో పడే పాయింట్లు. అసలు వాటిని ఒప్పుకోవాలా వద్దా అన్నది చేర్చుకునే యూనివర్సిటీ చేతిలో ఉంటుంది. సీట్లు ఇప్పిస్తామని కాగితాలు అంటించే కన్సల్టెన్సీకి ఆ అధికారం లేదు. అఫిలియేటెడ్ (యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే) కాలేజీ ప్రిన్సిపాల్‌కు కూడా సొంతంగా లేదు, ఆయన ఫైలు పంపగలడు అంతే. పాత కాలేజీ మార్కుల మెమోలు, ఆ బ్యాచ్ సిలబస్ కాపీ, టీసీ దగ్గర పెట్టుకుని ఒక్కో సబ్జెక్టునూ కొత్త సిలబస్‌తో పోలుస్తారు. ఏవి ఒప్పుకున్నారు, ఏవి అదనంగా రాయాలి, ఏ సెమిస్టర్‌లో చేర్చుకుంటున్నారు అన్నది ఒక ఆర్డర్‌గా ఇస్తారు. దాన్నే ఈక్వివలెన్స్ అంటారు, కొన్నిచోట్ల సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టుల జాబితా అంటారు. ఆ కాగితం ఫీజు కట్టకముందు మీ చేతికి రావాలి. "అడ్మిషన్ అయ్యాక చూసుకుందాం" అన్నారంటే ఆ కాగితం రాదనే అనుకోండి.

ఎక్కడ దెబ్బ తగులుతుందో ఒక ఉదాహరణ. పాత కాలేజీలో ఒక విద్యార్థి ఫస్టియర్ మొత్తం పాసై 38 క్రెడిట్లు తెచ్చుకున్నాడనుకోండి. కొత్త చోట ఫస్టియర్‌కు 40. రెండే తక్కువ, ఇంకేం అనిపిస్తుంది. మెమోలు పక్కపక్కన పెట్టి చూడండి. పాత చోట ఫిజిక్స్ థియరీ, ల్యాబ్ కలిపి ఒకే పేపర్, 4 క్రెడిట్లు. కొత్త చోట థియరీ వేరు, ల్యాబ్ వేరు, ల్యాబ్‌కు విడిగా మార్కులు చూపించాలి. అవి పాత మెమోలో లేవు. పాత చోట ప్రోగ్రామింగ్ పైథాన్‌లో, ఇక్కడ సీ లాంగ్వేజ్‌లో. అక్కడ డ్రాయింగ్ చేత్తో గీసింది, ఇక్కడ కంప్యూటర్ మీద. ఇక పాత ఫస్టియర్‌లో కెమిస్ట్రీ అసలే లేకపోతే అది మొత్తం బాకీ. రెండు క్రెడిట్ల తేడా అనుకున్నది నాలుగైదు పేపర్ల బాకీ అయింది. వాటిని జూనియర్ల బ్యాచ్‌తో కలిసి రాయాలి, అదే సమయంలో తన సెమిస్టర్ పేపర్లూ రాయాలి. అందుకే మొత్తం క్రెడిట్ల లెక్క చూసి సంతోషపడొద్దు, సబ్జెక్టు పేరు, థియరీ-ల్యాబ్ విభజన, సిలబస్ యూనిట్లు వరుసగా చూడాలి.

ఈ మధ్య వినిపించే కొత్త మాట ఏబీసీ. "మీ క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో ఉన్నయి కదా, ఎక్కడికైనా మారుతయి" అని చెప్తారు. బ్యాంకు అన్న పేరు చూసి ఏటీఎం అనుకుంటే ఎట్లా? యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మీ క్రెడిట్లను గరిష్టంగా 7 ఏళ్లు నిల్వ ఉంచుతుంది, వాటిని జమ చేసేది మీ పాత సంస్థ. ఫెయిలైన సబ్జెక్టుకు క్రెడిట్ పడదు కాబట్టి బ్యాక్‌లాగులు అక్కడ మాయం కావు. ఆ నిల్వను తన కోర్సుకు వాడుకోనిచ్చేది మాత్రం కొత్త సంస్థే, దాని నిబంధనల ప్రకారమే. స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లకూ ఇదే సూత్రం. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా ఒప్పుకోవచ్చని యూజీసీ చెప్పింది, కానీ ఏ కోర్సులు ఒప్పుకుంటారో మీ కాలేజీ ముందుగా ప్రకటించిన జాబితాలో ఉండాలి. సర్టిఫికెట్ తెచ్చుకుని తర్వాత అడిగితే లాభం లేదు.

డిప్లొమా పిల్లల సంగతి వేరు. వాళ్లను పట్టుకునే వల "డిప్లొమా క్రెడిట్లతో రెండేళ్లలో బీటెక్". మూడేళ్ల డిప్లొమాకు కలిసొచ్చేది ఒక్క ఏడాదే. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022 బ్యాచ్ నుంచి పెట్టిన ఆర్22 రెగ్యులేషన్‌లో రెగ్యులర్ విద్యార్థికి 160 క్రెడిట్లు, లేటరల్ ఎంట్రీకి, అంటే నేరుగా సెకండియర్‌లో చేరే డిప్లొమావాళ్లకు, 120. అంటే డిప్లొమా మార్కులు క్రెడిట్లుగా మారలేదు, ఫస్టియర్ మినహాయించారు అంతే. మిగతా మూడేళ్లు చదవాల్సిందే. 75 శాతం హాజరు తప్పదు, 65కు పైన ఉంటేనే కండోనేషన్ (తక్కువైన హాజరును మన్నించడం) గురించి అడిగే వీలు. ఇంకోటి, బీటెక్ మెమోల్లో ఫస్టియర్ ఉండదు కాబట్టి పై చదువులకు, విదేశాలకు వెళ్లేటప్పుడు డిప్లొమా మెమోలు కూడా అడుగుతారు. బీటెక్ అయిపోయిందని వాటిని అటకెక్కించకండి.

దారి ఈసెట్. 200 మార్కుల్లో గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి సబ్జెక్టు 100. అర్హత మార్కు 25 శాతం. డిప్లొమాలో 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 40. ఏ డిప్లొమావాళ్లు ఏ ఈసెట్ పేపర్ రాయాలి, ఆ పేపర్‌తో ఏ బీటెక్ బ్రాంచీలకు అర్హులు అన్న పట్టిక ప్రవేశ నియమాల్లోనే ఉంటుంది. దాన్ని చదవకుండా "మెకానికల్ వాళ్లకు కూడా సీఎస్‌ఈ ఇప్పిస్తాం" అన్న మాట పట్టుకుని చాలామంది మునుగుతున్నారు. కన్వీనర్ సీటు (కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు) ఫీజు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా కడతారు, మధ్యలో ఎవరి ఫోన్‌పే నంబరూ ఉండదు.

నిజంగా లేటరల్ ఎంట్రీలో చేర్చారా అన్నది పట్టుకోవడానికి హాల్‌టికెట్ నంబరు చాలు. జేఎన్‌టీయూ నంబర్లో పది స్థానాలుంటాయి. మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాతి రెండు కాలేజీ కోడ్. ఆ తర్వాత రెగ్యులర్ వాళ్లకు "1ఏ", లేటరల్ వాళ్లకు "5ఏ". తర్వాత బ్రాంచి: సివిల్ 01, ఈఈఈ 02, మెకానికల్ 03, ఈసీఈ 04, సీఎస్‌ఈ 05. చివరి రెండు రోల్ నంబరు. సెకండియర్ క్లాసులో కూర్చోబెట్టి 1ఏ నంబరు ఇచ్చినా, మూడు నెలలైనా నంబరే ఇవ్వకపోయినా వెంటనే యూనివర్సిటీకి వెళ్లి అడగండి. పాలిటెక్నిక్‌లో అయితే రాష్ట్ర పాలిటెక్నిక్ బోర్డు ఎస్‌బీటీఈటీ ఇచ్చే పిన్ చూడాలి: రెండంకెల సంవత్సరం, మూడంకెల కాలేజీ కోడ్, ఈసీ, సీఎం లాంటి బ్రాంచి అక్షరాలు, చివర రోల్. పిన్ లేని డిప్లొమా ఈసెట్‌కు పనికిరాదు. గోడ మీద "ప్రభుత్వ గుర్తింపు పొందిన" అని రాసుకున్న కంప్యూటర్ సెంటర్ ఇచ్చే డిప్లొమా వేరు, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి చేరే డిప్లొమా వేరు.

కాలేజీ నుంచి కాలేజీకి మారడం అసాధ్యమేం కాదు. రెండు కాలేజీల ఎన్‌ఓసీలు (అభ్యంతరం లేదన్న పత్రాలు), కొత్త చోట అదే బ్రాంచిలో ఖాళీ సీటు, యూనివర్సిటీ అనుమతి ఉండాలి, అదీ విద్యా సంవత్సరం మొదట్లోనే. అటానమస్ (సొంత సిలబస్ పెట్టుకునే) కాలేజీ నుంచి మామూలు అఫిలియేటెడ్ కాలేజీకి మారితే రెండూ ఒకే యూనివర్సిటీ కింద ఉన్నా సిలబస్ వేరు, పైన చెప్పిన పేపర్ల బాకీ ఇక్కడా తప్పదు. స్కాలర్‌షిప్‌ల ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో కాలేజీ వివరాలు మారకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ కదలదు. ఆ పనికి పాత కాలేజీ సహకారం కావాల్సి రావచ్చు, అందుకే అక్కడ గొడవ పెట్టుకుని బయటపడకండి.

దూరవిద్యలో బీటెక్ అన్నవాళ్లతో మాట్లాడటమే దండగ. 2017 నవంబరులో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అట్లా ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద తీర్పు చెప్పి, 2005 తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు చెల్లవంది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే సాంకేతిక విద్యకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతించిన వర్కింగ్ ప్రొఫెషనల్స్ కోర్సులున్నాయి, అవి మామూలు కాలేజీలోనే, క్లాసులకు వెళ్లి చదివేవి. ఇక వేరే రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీకి హన్మకొండలో "స్టడీ సెంటర్" ఉందంటే, ఆ యూనివర్సిటీ నిజమైనదే కావచ్చు, సెంటర్ మాత్రం చెల్లదు. రాష్ట్ర చట్టంతో పుట్టిన ప్రైవేటు యూనివర్సిటీ తన రాష్ట్రం దాటి కేంద్రాలు పెట్టకూడదు.

కాలేజీ బ్రోషర్ చదివేటప్పుడు రెండు పదాలు వేరు చేసుకోండి. రెండూ నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులే, న్యాక్ మొత్తం కాలేజీకి, ఎన్‌బీఏ బ్రాంచికి. "ఎన్‌బీఏ గుర్తింపు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది ఈసీఈకి వచ్చి ఉంటుంది, మీరు చేరేది డేటా సైన్స్. ఏఐసీటీఈ అనుమతి కూడా ఈఓఏ (అనుమతి పొడిగింపు) లేఖలో బ్రాంచివారీగా, సీట్ల సంఖ్యతో ఉంటుంది. మీరు చేరే ఏడాదికి వర్తించే లేఖే చూడాలి. ఫీజు ఎంతో టీఏఎఫ్‌ఆర్‌సీ (ఫీజులు ఖరారు చేసే రాష్ట్ర కమిటీ) నిర్ణయం ప్రకారం అడగండి.

డబ్బు కట్టేశారా? ముందు రసీదు చదవండి. "గైడెన్స్ ఛార్జీలు, తిరిగి ఇవ్వబడవు" అని కన్సల్టెన్సీ పేరుతో ఉంటే అది కాలేజీ ఫీజు కాదు, కాలేజీని అడిగితే మాకు సంబంధం లేదంటారు. కాలేజీకే కట్టి, క్లాసులు మొదలుకాకముందు మానుకుంటే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ప్రాసెసింగ్ కింద 1,000 రూపాయలకు మించి కోయకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడమూ తప్పే. టెన్త్ మెమో, టీసీ ఎవరికైనా ఇచ్చేముందు స్కాన్ తీసుకుని, ఇచ్చినట్టు సంతకంతో కాగితం రాయించుకోండి. కన్సల్టెన్సీ మీద అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. యూపీఐలో పంపి మోసపోయారని తెలిసిన రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, రెండు రోజులు ఆగితే ఆ ఖాతాలో ఏమీ మిగలదు. రసీదు, వాట్సాప్ మెసేజీలు, పేమెంట్ స్క్రీన్‌షాట్‌లతో పాటు స్తంభం మీది కాగితం ఫొటో కూడా తీసిపెట్టుకోండి. ఫిర్యాదు వెళ్లిన మర్నాడే వాటిని చించేస్తారు, నంబరు మారుస్తారు.