మిద్దె కింద రెండు రూములు, నేనే బిగించుకున్న రెండు ఏసీలు: ఐదు ఎండాకాలాల తర్వాత

2021 ఏప్రిల్‌లో బిగించాను, 2025తో ఐదు ఎండాకాలాలు గడిచినాయి, ఇంగ ధైర్యంగా చెప్పొచ్చు అనిపించి రాస్తున్నా. కొన్న వారానికే రాసే రివ్యూలు ఏసీ విషయంలో పెద్దగా పనికిరావు, ఎందుకంటే కంపెనీ ఏదైనా మొదటి వారం అన్నీ చల్లగానే ఉంటాయి, బిగించేటప్పుడు జరిగిన తప్పు ఏడాదికో రెండేళ్లకో గ్యాస్ పోయినప్పుడు గానీ బయటపడదు.

మాది తిరుపతి ఎం.ఆర్.పల్లిలో పై అంతస్తు, తల మీద మిద్దె తప్ప ఇంకేం లేదు. ఏప్రిల్‌లో మొదలైతే గంగమ్మ జాతర అయిపోయి రోహిణి కార్తె దాటేదాకా ఆ స్లాబు పగలంతా కాగి రాత్రి పదకొండుకి కూడా సెగ వదులుతానే ఉంటుంది, ఫ్యాన్ వేస్తే ఆ సెగే మొహాన కొడుతుంది. అమ్మ రూము ఒకటి, మా రూము ఒకటి, రెండూ పది బై పన్నెండు. అమ్మకి బీపీ ఉంది, 2020 మే నెల ఆమె తడిగుడ్డ కప్పుకుని కూర్చుని గడిపింది, అది చూశాక ఇంగ ఏసీ పెట్టాల్సిందే అనుకున్నా.

నేనే బిగించాలనే ఆలోచన టెక్సాస్‌లో ఉన్న మా బామ్మర్ది వల్ల వచ్చింది. వాళ్లింట్లో రెండు రూములకి స్ప్లిట్ యూనిట్లు వాడే స్వయంగా పెట్టుకున్నాడు, అక్కడ వాటిని హీట్ పంపులంటారు. ఆ మాట సరైనదే, ఎందుకంటే మోటారు బావిలో నీళ్లు తోడినట్టు ఇది రూములో వేడిని తోడి బయట పోస్తుంది, లోపల దిశ తిప్పే వాల్వు ఉంటే చలికాలంలో బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడుతుంది. ఈడ దాన్నే హాట్ అండ్ కోల్డ్ అని అమ్ముతారు. అమెరికాలో గ్యాస్ పని చెయ్యాలంటే సర్టిఫికెట్ ఉండాలి, అందుకని మామూలు జనం కోసం పైపుల్లో ముందే గ్యాస్ నింపి రెండు చివరలూ మూసేసిన కిట్లు దొరుకుతాయి, స్పానర్‌తో తిప్పితే చాలు. "బావా, మధ్యాహ్నం భోజనం లోపల అయిపోయింది" అన్నాడు. నేను కూడా అంతే అనుకుని దిగాను. తిరుపతిలో ఏ షాపులో అడిగినా అట్లాంటి కిట్ లేదు, బాక్సులో వచ్చేది 3 మీటర్ల ఉత్త రాగి పైపు, మిగతాదంతా మన చేతి పనే.

కొనే ముందు ఒక నెల ఆలోచించింది దేని గురించంటే, ఒకే అవుట్‌డోర్‌కి రెండు ఇండోర్లు తగిలించే మల్టీ స్ప్లిట్ తీసుకుందామా, విడివిడిగా రెండు ఒక టన్నువి తీసుకుందామా అని. మల్టీ స్ప్లిట్ చూడ్డానికి బాగుంటుంది, గోడకి ఒక్క డబ్బానే. కానీ ఆ అవుట్‌డోర్ చెడిపోతే రెండు రూములూ ఒకేసారి ఉడికిపోతాయి, దాని లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కావాలంటే తిరుపతిలో దొరకదు, పైగా పగలు అమ్మ రూము ఒక్కటే నడిచేటప్పుడు అంత పెద్ద కంప్రెసర్ అంత చిన్న లోడుకి తగ్గలేక ఆగుతా నడుస్తా ఉంటుంది. రెండు విడివిడిగా తీసుకున్నా, ఐదేళ్ల తర్వాత కూడా ఈ నిర్ణయమే అన్నిటికన్నా మంచిదనిపిస్తుంది. మూడో ఏడాది ఒకటి ఆగిపోయినప్పుడు మేమందరం రెండో రూములో పరుపులు వేసుకుని పడుకున్నాం, అదే మల్టీ అయ్యుంటే మే నెలలో మిద్దె మీద దోమల్లో పడుకునేవాళ్లం.

మా నాయనది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన వైండింగ్ వాసన పీలుస్తా పెరిగినోడిని, కరెంటు పని నాకు కొత్త కాదు. ఒక్కో ఏసీకి ఇంటి మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎంసీబీ, మంచి ఎర్త్ ఇచ్చాను, అది ఒక పూట పని. గోడకి కన్నం బయటివైపు కొంచెం వాలుగా కొట్టాలి, అదీ తెలుసు. నాకు తెలియనిదల్లా గ్యాస్ పైపు పని, అందులోనే మొత్తం విషయం ఉంది.

పైపు చివర గిన్నె అంచులాగా విప్పడాన్ని ఫ్లేర్ అంటారు. కట్టర్‌తో పైపు కోశాక లోపల అంచున సన్నటి రాగి గీర ఉంటుంది, దాన్ని గీకి తీసేటప్పుడు పైపు చివర నేలవైపు వంచి పట్టుకోవాలి, లేకపోతే ఆ రాగి పొడి లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటుంది. ఫ్లేర్ చేసేముందే నట్టు పైపుకి ఎక్కించుకోవాలి. విప్పిన అంచు వేలి గోరుతో రాస్తే ఎక్కడా తగలకుండా గ్లాసు మూతిలాగా నున్నగా ఉండాలి. మిగిలిపోయిన ముక్క పైపు మీద పదకొండు ఫ్లేర్లు చేసి పారేశాక నాకు ఒకటి నచ్చింది. ఇంగ బిగింపు, పావు అంగుళం నట్టుకి సుమారు 15 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానికి 50 నుంచి 60 అని మాన్యువల్స్‌లో ఉంటుంది, ఎంత గట్టిగా బిగించామో కొలిచే టార్క్ రెంచ్ అనే స్పానర్ దానికి ఉంది, నేను కొనలేదు. మోటార్లు విప్పిన చెయ్యి కదా, అందాజు తెలుసులే అనుకున్నా.

దాని ఫలితం 2022 మార్చిలో చూశాను. మా రూము ఏసీ వేస్తే గాలి వస్తుంది గానీ చల్లదనం రాదు, బయటికి వెళ్లి చూస్తే సన్న పైపు మీద తెల్లగా మంచు పట్టింది, లావు పైపు నట్టు చుట్టూ నల్లటి జిడ్డు మరక, దుమ్ము దానికి అతుక్కుని ఉంది. జిడ్డు కనిపించిందంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తా ఉందని అర్థం. విప్పి చూస్తే ఫ్లేర్ అంచున వెంట్రుక మందం చీలిక, బలంగా బిగించి నేనే పగలగొట్టాను. కొత్త ఫ్లేర్ చేశా, ఈసారి టార్క్ రెంచ్ కొన్నా. గ్యాస్ నింపడానికి వచ్చిన మొదటి మెకానిక్ తూకం మిషన్ తేలేదు, ప్రెషర్ చూసి అందాజుగా వేస్తానన్నాడు, వద్దని పంపేశా. ఇన్వర్టర్ ఏసీకి అవుట్‌డోర్ ప్లేటు మీద రాసిన గ్రాముల లెక్క ప్రకారమే వెయ్యాలి, కంప్రెసర్ వేగం మారుతా ఉంటుంది కాబట్టి ప్రెషర్ చూసి చెప్పడం కుదరదు. రెండో ఆయన తూకం తెచ్చాడు, సిలిండర్ దాని మీద పెట్టి అంకె చూసుకుంటా నింపాడు, అది ఇప్పటికీ తగ్గలేదు.

వ్యాక్యూమ్ సంగతి, అంటే గ్యాస్ వదిలేముందు పైపుల్లో గాలీ చెమ్మా పంపుతో లాగేసే పని, అందరూ తెలుసుకోవాలి. మా వీధిలో ఏసీలు బిగించేటప్పుడు గమనిస్తే చాలామంది పైపులు తగిలించి, అవుట్‌డోర్ వాల్వు ఒక సెకను తెరిచి, అవతల నట్టు దగ్గర బుస్సుమని గాలి వదిలేసి అయిపోయింది అంటారు. ఆ పద్ధతిలో గాలి కొంత పోతుంది గానీ పైపు లోపల చెమ్మ అట్లాగే ఉంటుంది. ఆ చెమ్మ కంప్రెసర్ నూనెతో కలిస్తే యాసిడ్ అవుతుంది, కంప్రెసర్ మోటారు వైండింగ్ ఆ నూనెలో ఆ గ్యాస్‌లోనే ఉంటుంది కాబట్టి దాని తీగ మీది ఎనామెల్ పూతని మెల్లిగా తినేస్తుంది. వైండింగ్ కాలితే ఏమవుతుందో మా నాయన షాపులో వేల సార్లు చూశాను, అందుకే ఇందులో మాత్రం రాజీ పడలేదు. పంపు కొన్నా, వ్యాక్యూమ్ ఎంత లోతుకి వెళ్లిందో కొలిచే మైక్రాన్ గేజ్ కొన్నా, అంకె ఎంత తగ్గితే అంత మంచిది. వ్యాక్యూమ్ బాగా లోతుకి వెళ్తే చెమ్మ మామూలు వేడికే మరిగి ఆవిరై పంపులోకి వచ్చేస్తుంది. 500 మైక్రాన్ల కిందికి దించి, పంపు ఆపి, పది నిమిషాలు అంకె చూస్తా కూర్చోవాలి. అమ్మ రూముది కదలకుండా నిలిచింది. మా రూముది మొదటిసారి మెల్లిగా ఎక్కుతా పోయింది, ఇంకో గంట పంపు నడిపితే నిలబడింది. అంటే అది చెమ్మే, లీకు కాదు, లీకయ్యుంటే ఎక్కడం ఆగదు. ఆ రోజు నిలిచిన ఫ్లేరే పదకొండు నెలల తర్వాత చీలింది, కంప్రెసర్ అదురుకి పగులు మెల్లిగా పెరిగుంటుందని నా అనుమానం.

లీకు ఉందేమో చూడ్డానికి ప్రెషర్ టెస్ట్ చేసుకోవాలంటే నైట్రోజన్‌తోనే చెయ్యండి. పక్కన వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని దాన్ని మాత్రం తగిలించొద్దు, లోపలి నూనెకి ఆక్సిజన్ ప్రెషర్‌తో తగిలితే పేలుతుంది, ప్రాణాలు పోతాయి. ఇప్పుడు చాలా ఏసీల్లో వచ్చే ఆర్32 గ్యాస్ కూడా కొంచెం మండే రకమే, తలుపులు తెరిచి పెట్టుకోవాలి, దగ్గర్లో పొయ్యి, సిగరెట్టు ఉండకూడదు.

మిగతా తిప్పలు చిన్నవి. అమ్మ రూములో డ్రెయిన్ పైపు ఒకచోట పైకి లేచి వంపు తిరిగింది, నాకు కనపడలేదు, నాలుగో రోజు నీళ్లు గోడ మీద జారి కింద తగిలించిన టీటీడీ క్యాలెండర్ మొత్తం నానిపోయింది, అమ్మ చాలా బాధపడింది. పైపు మొత్తం ఒకే వాలులో ఉండాలి. 2023 మేలో మా రూము ఏసీ ఉన్నట్టుండి ఆగిపోయింది, అవుట్‌డోర్ మూత తీస్తే బోర్డు మీద బల్లి కాలిపోయి అతుక్కుని ఉంది. బోర్డు మార్చడానికి తొమ్మిది రోజులు పట్టింది, 7 వేలు పైన అయింది. తర్వాత వైర్లు వెళ్లే సందులన్నిటికీ సన్న జాలి పెట్టాను, బల్లి మళ్లీ పోలేదు. అవుట్‌డోర్లు రెండూ గోడకి ఎత్తుగా స్టాండ్ మీద పెట్టాను. 2021 నవంబర్ వరదలో మా వీధిలో నీళ్లు నిలిచినప్పుడు కింద నేల మీద పెట్టుకున్న వాళ్ల మోటార్లు, అవుట్‌డోర్లు మునిగినాయి, మావి మాత్రం తడిసింది వానకే.

కరెంటు లెక్క: ఒక్కోదానికి చిన్న మీటరు పెట్టుకున్నా. 26 మీద పెట్టి ఫ్యాన్ చిన్నగా వేస్తే మే నెలలో రాత్రి ఎనిమిది గంటల సేపు నడిస్తే ఒక్కో రూము మూడున్నర యూనిట్ల దగ్గర తింటుంది, 22 మీద పెట్టిన రాత్రి ఐదు దాటింది. మా ఇల్లు మామూలుగా నెలకి రెండొందల చిల్లర యూనిట్లు, రెండు ఏసీలూ కలిస్తే నాలుగొందలు దాటుతుంది. మన దగ్గర 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75, ఆ పైన 9.75 కాబట్టి ఏసీ తినే దాదాపు ప్రతి యూనిట్టూ ఖరీదైన స్లాబులోనే పడుతుంది, అందుకే స్టార్ల దగ్గర కక్కుర్తి పడొద్దు. మిద్దెకి తెల్ల కూల్ పెయింట్ వేయించాక రాత్రి మొదటి గంటలో తేడా బాగా తెలిసింది, ఏసీ కొనేముందే వేయించుంటే బాగుండేది.

అమ్మ రూముకి హాట్ అండ్ కోల్డ్ తీసుకున్నాను, ఆమెకి ధనుర్మాసంలో మోకాళ్లు పట్టేస్తాయని. అది బాగా పనిచేస్తుంది, మామూలు రూమ్ హీటర్ 2 వేల వాట్లు తింటే ఇది అందులో మూడో వంతు కరెంటుతోనే రూము వెచ్చగా చేస్తుంది, ఆ పొద్దున బయటికి వెళ్లి చూస్తే అవుట్‌డోర్ నుంచి చల్ల గాలి వస్తా కింద నీళ్లు కారుతా ఉంటాయి. కానీ ఏడాదిలో పదిహేను ఇరవై పొద్దులకి మించి వెయ్యలేదు. తిరుపతిలో ముసలివాళ్లు లేని ఇంటికి దీనికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. మదనపల్లి వైపు వాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

డబ్బు మిగులుతుందని మాత్రం ఎవరూ ఈ పనికి దిగొద్దు. పంపు, గేజ్‌లు, ఫ్లేరింగ్ కిట్, తర్వాత టార్క్ రెంచ్, అన్నీ కలిపి నాకు 15 వేల దాకా అయింది, మెకానిక్ రెండిటికీ కలిపి 3 వేలు అడిగాడు. అవుట్‌డోర్ పాతిక ముప్పై కిలోలు ఉంటుంది, నిచ్చెన మీద ఒక్కడే ఎత్తలేడు, కింద ఇంకో మనిషి ఉండాలి. కంపెనీ మనిషి బిగించకపోతే వారంటీ ఇవ్వరేమో కార్డు చదువుకోండి. ఇప్పుడు కొనేవాళ్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ మిగిలిన డబ్బుతో మంచి మెకానిక్‌ని పెట్టుకోండి. పిలిచేముందు ఫోన్‌లోనే "వ్యాక్యూమ్ పంపు, తూకం తెస్తారా?" అని అడగండి, తెస్తానంటే రమ్మనండి, అవసరం లేదు సార్ అంటే ఇంకొకరిని వెతకండి. గోడ కన్నాలు, వైరింగ్, స్టాండు, డ్రెయిన్ మీరు చేసుకుని గ్యాస్ పని వాళ్లకి వదిలేస్తే ఎవరికైనా సరిపోతుంది, నేను మళ్లీ మొదలుపెడితే అట్లాగే చేస్తా.

నా పంపు వీధిలో ఇప్పటికి ఆరిళ్లకి తిరిగింది. ఉగాదికి ముందొచ్చే ఆదివారం ఫిల్టర్లు కడిగి, కాయిల్ మీద నీళ్లు కొట్టి, బయటి నాలుగు నట్లకీ సబ్బు నురగ పూసి చూస్తా. ఈ ఏడాది కూడా ఎక్కడా బుడగ లేవలేదు.