కాలానికి బయటా, లోపలా: దేవుడికి ఏది మేలు, మనకి ఏది మేలు?

దేవుడూ ఆత్మా దేశకాలాలకు అతీతం అని ఒక్క గుక్కలో అనేస్తాం కానీ, ఆ మాటలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఇప్పుడు నాకొచ్చిన ఆలోచన పొడవెంత అని అడిగితే నవ్వొస్తుంది. ఎప్పుడొచ్చింది అంటే మాత్రం చెప్పగలను, ఇందాకటి ఆలోచన తర్వాత అని. కాబట్టి "నేను" చోటుకి అందదంటే సరే అనేస్తా (అక్కడా మనవాళ్లకి పొత్తు కుదరలేదు, వైశేషిక దర్శనం వాళ్లు ఆత్మ అంతటా వ్యాపించి ఉంటుందన్నారు, రామానుజులు జీవుడు అణువన్నారు). కాలానికీ అందదంటేనే పేచీ.

అద్వైతం వాదన బలమైనదే. ఆలోచనలు వస్తాయి పోతాయి, చూసే సాక్షి మారదు, గాఢనిద్ర నుంచి లేచి "హాయిగా పడుకున్నా, ఏమీ తెలియలేదు" అంటామే, ఆ తెలియకపోవడానికి సాక్షి ఎవరు అంటారు. బాగుంది. మరి నిన్నటి తప్పుకి ఇవాళ సిగ్గుపడుతున్నది ఎవరు? అంతఃకరణం, అంటే మనసూ బుద్ధీ అహంకారమూ, అని జవాబు. అలాగైతే నేను నేనుగా గుర్తుపట్టేదంతా అంతఃకరణం వైపే పోయింది, మిగిలిన ఆ సాక్షిని "నేను" అనడం దేనికి? బౌద్ధులు సాక్షీ లేదు, క్షణాల ప్రవాహమే అన్నారు, అంత దూరం నేను వెళ్లలేను.

దేవుడి దగ్గర తూకం వేరు. 6వ శతాబ్దపు రోమన్ తత్వవేత్త బోయిథియస్ లెక్కలో దేవుడికి నిన్నా రేపూ లేవు, కాలమంతా ఒకేసారి కళ్లముందుంటుంది. దీంతో రేపు నేను చేసేది ఆయనకి "ముందే" తెలియడం అనేదే ఉండదు, చూస్తుంటాడంతే, నా స్వేచ్ఛ నాకుంటుంది. 1969లో బ్రిటిష్ తత్వవేత్త ఆంథనీ కెన్నీ దీన్ని వెటకారంగా పట్టుకున్నాడు: అన్ని కాలాలూ ఆ నిత్యత్వంతో ఏకకాలమే అయితే, తాను రాసుకోవడమూ ఎప్పుడో రోము తగలబడటమూ ఒకేసారి జరుగుతున్నట్టే కదా అని.

పోనీ మొదలూ చివరా లేకుండా కాలంలోనే ఉండే దేవుడైతే? మొర వినడం, కరగడం, బదులివ్వడం ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి, అవి ఈ దేవుడికే కుదురుతాయి, భక్తుడు పిలిచేదీ ఈయన్నే. కానీ 1905లో ఐన్‌స్టీన్ వచ్చి విశ్వమంతటికీ ఒకే "ఇప్పుడు" లేదు, దూసుకుపోయేవాడి ఇప్పుడు వేరు, నిలబడ్డవాడి ఇప్పుడు వేరు అని తేల్చాక, దేవుడు ఎవరి "ఇప్పుడు"లో ఉన్నట్టు? దీనికి నాకు నచ్చిన జవాబు దొరకలేదు. అందుకే దేవుణ్ని కాలం బయటే ఉంచుతా, మొర సంగతి ఇంకా మింగుడుపడకపోయినా. నేను మాత్రం లోపలే.