రాజమండ్రిలో దామెర్ల బొమ్మల ముందు ఒక పూట

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, నీటిరంగులు వేస్తుంది. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మలు ఫోన్‌లో చూసి, "నాన్నా, ఒక్కసారి అసలువి చూపించవా" అని ఏడాదిగా అడుగుతుంటే సంక్రాంతి సెలవుల్లో రాజమండ్రి తీసుకెళ్లాను.

బస దగ్గర మొదటిరోజే చిక్కొచ్చింది. గోదావరి కనబడే గది అని ఆన్‌లైన్‌లో అడ్వాన్సు కట్టించుకున్నవాళ్లు, తీరా వెళ్తే కిటికీ కూడా లేని గది చూపించారు. డబ్బు తిరిగివ్వలేదు. మర్నాడు కోటిపల్లి బస్టాండు దగ్గర చిన్న లాడ్జికి మారాం. లిఫ్టు లేదు గానీ గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడినీళ్లు ఇచ్చారు. మీరు వెళ్తే గది చూశాకే డబ్బు కట్టండి.

దామెర్ల చిత్రకళా మందిరం గోదావరి గట్టుకు దగ్గర్లోనే. సెలవు రోజు కాదని ముందే కనుక్కుని, తెరిచే వేళకే వెళ్లండి. రామారావు గారు ఈ ఊళ్లోనే 1897లో పుట్టారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన చేతిలో పనితనం గుర్తుపట్టి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ చదువుకు ప్రోత్సహించింది ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే.

ఒక బొమ్మ ముందు అమ్మాయి చాలాసేపు ఆగింది. "ఇది నీటిరంగే నాన్నా. చూడు, తెల్లగా మెరిసేచోట రంగు లేదు, కాగితాన్నే వదిలేశారు" అంది. నూనెరంగు బొమ్మ దగ్గర పక్కకు జరిగి ఏటవాలుగా చూడమంది. అలా చూస్తే కుంచె లాగిన గీరలు ఉబ్బెత్తుగా కనిపించాయి. నాకు ఈ తేడా తెలిసింది అక్కడే.

ఆ కాలంలో కలకత్తా చిత్రకారులు 'వాష్' పద్ధతిలో వేసేవారు. 1903లో అక్కడికి వచ్చిన జపాన్ చిత్రకారుల దగ్గర, కలకత్తా వాళ్లకు పెద్దదిక్కైన అవనీంద్రనాథ్ ఠాగూర్ చూసి అలవరచుకున్న పద్ధతి అది. బొమ్మ గీసి రంగు వేసి, ఆరాక కాగితాన్ని నీళ్లలో తడుపుతారు. మళ్లీ పల్చటి రంగు, మళ్లీ నీళ్లు. అంచులు కరిగి, పొగమంచులోంచి చూస్తున్నట్టు ఉంటుంది. బొంబాయి చదువు వేరు: వెలుగు ఒకవైపు నుంచి పడుతుంది, ఒంటికి గుండ్రదనం వస్తుంది. రామారావు గారి బొమ్మల్లో నాకు ఆ గుండ్రదనమూ కనిపించింది, నాజూకు గీతా కనిపించింది. మనుషులు మాత్రం అచ్చంగా మనవాళ్లు. ఆ కోక కట్టు, ఆ కొప్పు చూస్తే మా మేనత్తలు గుర్తొచ్చారు. మూడు గంటలున్నాం, చాలలేదు.

మర్నాడు ప్యాసింజర్ ఎక్కి కడియం, ద్వారపూడి, అనపర్తి మీదుగా బిక్కవోలు వెళ్లాం. తూర్పు చాళుక్యుల కాలపు గుళ్లు. గోడ గూళ్ల మీది మకరతోరణాలను (మొసలి లాంటి మకరాలు చెక్కిన తోరణాలు) అమ్మాయి పెన్సిల్‌తో గీసుకుంది. టిఫిన్లు ఫరవాలేదు. ద్రాక్షారామం రద్దీలో హడావిడిగా దర్శనమే అయింది.

ఆ రాత్రి అమ్మాయి వాష్ పద్ధతి ప్రయత్నిద్దామని లాడ్జి బకెట్లో తన గోదావరి బొమ్మను ముంచింది. కాగితం పల్చన, ఉండచుట్టుకుపోయింది. ఫ్యాను కింద ఆరబెట్టి, "ఈసారి మందం కాగితం కొనిపెట్టు నాన్నా, మళ్లీ వద్దాం" అంది. ఇంటికి రాగానే కొన్నాను.