బంగారి ట్యాంకులో థర్మామీటర్లు: ఏడేళ్ల వాడకం తర్వాత

బంగారి మా అమ్మాయి పెంచుకునే బియర్డెడ్ డ్రాగన్, తొండలాంటి ఆస్ట్రేలియా జీవి. 2018 వేసవిలో అరచేతిలో పట్టేంత పిల్లగా మా ఇంటికి వచ్చింది, ఇప్పుడు తోకతో కలిపి దాదాపు 50 సెంటీమీటర్లు ఉంది. మేముండేది మిన్నెసోటాలో. జనవరిలో బయట మైనస్ 20 ఉన్నప్పుడు కూడా నాలుగడుగుల గాజు ట్యాంకులో దానికి ఆస్ట్రేలియా ఎండ కావాలి. ఇక్కడి పరికరాలన్నీ ఫారెన్‌హీట్‌లోనే చూపిస్తాయి కానీ, చదివేవాళ్ల సౌకర్యం కోసం సెల్సియస్‌లోనే రాస్తున్నాను.

ఊళ్లో పిట్టగోడ మీద ఎండ కాగే తొండను చూసినవాళ్లకు ఈ జీవి కొత్తేమీ కాదు, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. తొండ పొద్దున్నే గోడెక్కి ఒళ్లు వేడి చేసుకుంటుంది, వేడి ఎక్కువైతే నీడలోకి జారుకుంటుంది. దాని ఒంట్లో మనలాగా వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు కాబట్టి ఇలా చోటు మార్చుకుంటూనే బతకాలి. ట్యాంకులోనూ ఆ రెండు చోట్లూ ఉండాలి. ఒక చివర 38 నుంచి 42 డిగ్రీల వరకు వేడెక్కే రాయి, రెండో చివర 25 నుంచి 28 డిగ్రీల నీడ. రాయి చల్లగా ఉంటే తిన్నది అరగదు. రెండో చివర కూడా వేడెక్కిపోతే పారిపోవడానికి చోటుండదు. థర్మామీటర్ విషయంలో నేను ఇంత పట్టింపుగా ఉండేది అందుకే.

ట్యాంకుతో పాటు ఒక గుండ్రటి ముల్లు థర్మామీటర్ వచ్చింది, వెనక స్టిక్కర్‌తో గాజుకు అంటించే రకం. మొదటి ఐదు నెలలు దాన్నే నమ్మాను. ముల్లు 33 దగ్గర ఉండేది. వేడి చాలడం లేదనుకుని 75 వాట్ల బల్బు తీసేసి 100 వాట్లది పెట్టాను. వారం తిరక్కుండానే బంగారి రాయి ఎక్కడం మానేసింది. గడ్డం నల్లగా చేసుకుని చల్లటి మూలలో పడుకునేది. పురుగులు వేసినా తలతిప్పి చూసేది కాదు. మా అమ్మాయి రోజూ ఏడుపు. వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మొదట అడిగింది ఒకటే: "రాయి మీద ఎంత ఉంది? దేనితో చూశారు?"

ఆ సాయంత్రమే ఇన్‌ఫ్రారెడ్ గన్ (తాకకుండా దూరం నుంచే వేడి చూసే థర్మామీటర్) కొని చూస్తే రాయి మీద 54 ఉంది. ముల్లు మాత్రం అప్పటికీ 36 చూపిస్తోంది. దాని లోపల రెండు లోహాలను కలిపి చుట్టిన చిన్న స్ప్రింగు ఉంటుంది. అది తను అతుక్కుని ఉన్న గాజు వేడినీ, దాని పక్కనున్న గాలి వేడినీ చెప్తుంది. బల్బు కింద రాయి ఎంత కాలిందో దానికి తెలిసే దారే లేదు. గాజుకు అంటించే రంగుల స్టిక్కర్ పట్టీలదీ ఇదే కథ. పొట్ట కింద చర్మం కాలలేదని వెట్ చెప్పేదాకా నాకు ఊపిరాడలేదు. అప్పట్నుంచి ఏ థర్మామీటర్ చూసినా ముందు ఒకటే ఆలోచిస్తాను: ఇది దేని వేడి చెప్తోంది?

ఏడేళ్లుగా నేను వాడుతున్న గన్ ఎటెక్‌సిటీ 774. ఇరవై డాలర్ల లోపే వచ్చింది, ఇప్పటికీ పనిచేస్తోంది. రాయి మీద వేడి చూడటానికి ఇంతకన్నా ఖరీదైనది అక్కర్లేదని నా అభిప్రాయం. అయితే దాన్ని సరిగ్గా పట్టుకోవడం నాకు మెల్లగా తెలిసింది. గన్ నుంచి పడే ఎర్ర లేజర్ చుక్క గురి చూసుకోవడానికే, కొలిచేది ఆ చుక్కను కాదు. దూరానికీ కొలిచే వలయానికీ 12:1 నిష్పత్తి ఉంటుంది, అంటే 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే రెండున్నర సెంటీమీటర్ల వలయంలోని సగటు వేడి వస్తుంది. మీటరు దూరం నుంచి నొక్కితే రాయితో పాటు పక్కనున్న ఇసుక కూడా కలిసిపోతుంది. గాజు బయటి నుంచి చూస్తే వచ్చేది గాజు వేడే, తలుపు తెరిచి చూడాల్సిందే. రాయి, చెక్క, పింగాణీ పలక, డ్రాగన్ వీపు, వీటిమీద లెక్క బాగానే వస్తుంది. మెరిసే లోహం మీద రాదు. ఒకసారి దీపం అల్యూమినియం డోమ్ మీద పెట్టి చూస్తే 31 అంది, వేలు పెడితే చురుక్కుమంది. చుక్క జంతువు కళ్లలో పడకూడదని మాత్రం పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

ఇంకో సంగతి చలి దేశాల్లో ఉండేవాళ్లకు. నేను గన్‌ను గరాజ్‌లో పెట్టేదాన్ని. ఒక జనవరిలో తెచ్చీ తేగానే చూస్తే రాయి వేడి ఎప్పటికన్నా ఏడు డిగ్రీలు తేడాగా వచ్చింది. బల్బు పోయిందేమోనని కంగారుపడ్డాను. అరగంట గదిలో ఉంచి చూస్తే మామూలే. ఇప్పుడు గన్ ట్యాంకు పక్కనే ఉంటుంది.

గన్‌తో గాలి వేడి తెలియదు. నీడ చివరకు వైరు కొసన చిన్న సెన్సర్ ఉండే డిజిటల్ ప్రోబ్ కావాలి. ఇక్కడ ఎక్కడ పెడతామన్నదే అసలు విషయం. బల్బు వెలుతురు నేరుగా పడితే నల్లటి ప్రోబే వేడెక్కి గాలి కన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకే జంతువు వీపు ఎత్తులో, నీడలో ఉండాలి. ప్రోబుతో వచ్చే సక్షన్ కప్పులను నేను నమ్మను, ఏదో ఒక రాత్రి ఊడి పడతాయి. అలాగని టేపు వేయకండి, డ్రాగన్ చర్మం దానికి అతుక్కుంటే తీయడం చాలా బాధ. నేను కొమ్మకు జిప్ టైతో కట్టి, కొస కత్తిరించి మొన లేకుండా చేశాను. ఇక పాదరసం ఉన్న గాజు థర్మామీటర్‌ను ట్యాంకు దరిదాపుల్లోకి రానివ్వకండి.

కొత్త ప్రోబ్ నిజం చెప్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మంచు ముక్కలు నలగ్గొట్టి గ్లాసు నిండా వేసి, సందుల్లో నీళ్లు పోసి కలపాలి. ప్రోబ్ అడుగుకు తగలకుండా మధ్యలో ముంచి ఐదు నిమిషాలు ఆగితే సున్నా రావాలి. నాకు ఒకటి 1.2 చూపింది, ఇంకొకటి 0.1. కానీ సున్నా దగ్గర సరిగ్గా ఉన్నంత మాత్రాన 38 దగ్గర కూడా ఉంటుందని లేదు. దానికి ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ చాలు. ఆ పరిధిలో అది చాలా కచ్చితం. దాని కొసా ప్రోబ్ కొసా రబ్బరు బ్యాండుతో కలిపి గోరువెచ్చటి నీళ్లలో ముంచి, బీప్ వచ్చిన క్షణంలో రెండూ చదువుతాను. తేడా ఎంతో మార్కర్‌తో డిస్‌ప్లే పక్కనే రాసి పెడతాను. ఏడాదికి రెండుసార్లు, గడియారాలు మార్చే రోజుల్లో ఈ పని చేస్తే గుర్తుంటుంది.

మూడోది వైఫై లాగర్, వేడిని ఎప్పటికప్పుడు నమోదు చేసి ఫోన్‌కు కబురు పంపే పరికరం. మొదట్లో ఇది అనవసరపు ఖర్చనుకున్నాను. 2022 మార్చిలో ఆఫీసులో ఉండగా అలారం మోగింది: నీడ చివర 34. ఇంట్లో మా నాన్న ఒక్కరే ఉన్నారు, గుంటూరు నుంచి వచ్చి నెలయింది. ఫోన్ చేసి "నాన్నా, బంగారి ట్యాంకు వెనక ప్లగ్గు ఉంటుంది, ముందు అది పీకేయండి, పై తలుపు తీసి పెట్టండి" అన్నాను. "అలాగేనమ్మా, నువ్వు కంగారు పడకు" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే వేడి చివర ఉండాల్సిన థర్మోస్టాట్ (వేడిని బట్టి దీపాన్ని వెలిగించి ఆర్పే పరికరం) ప్రోబ్ ఊడి, గది నేల మీదకు జారి ఉంది. ఆ చల్లదనం చూసి థర్మోస్టాట్ ఇంకా వేడి కావాలనుకుని దీపాన్ని ఆపకుండా వెలిగించింది. థర్మోస్టాట్ చెడిపోలేదు, తప్పుడు చోటు వేడి చూసి నడుచుకుంది. థర్మోస్టాట్ తెర మీది అంకెనే థర్మామీటర్‌గా వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి దానికి సంబంధం లేని థర్మామీటర్ విడిగా ఒకటి పెట్టండి.

లాగర్ వల్ల రాత్రుల సంగతి కూడా తెలిసింది. దీపాలు ఆరాక 18, 20 దాకా దిగినా బంగారికి ఇబ్బంది లేదు. ఒక రాత్రి 14కు పడిపోయిందని పొద్దున గ్రాఫ్‌లో చూశాకే ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నెస్ మధ్యలో ఆగిపోతోందని మాకు అర్థమైంది.

ఇదంతా చూసి మా పిన్ని కొడుకు నక్షత్ర తాబేలు పెంచుకుంటానని విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. వద్దురా అని గట్టిగా చెప్పాను. మన దేశంలో అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, పైగా వాటిని పట్టి అమ్మేది అడవుల నుంచే.

డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు గన్ కొనండి, వచ్చే నెల ప్రోబ్, ఆ తర్వాత లాగర్. మొత్తం కలిపి నాకు ఒక్క వెట్ ఫీజు కన్నా తక్కువే అయింది. ప్రోబులు మాత్రం నాలుగేళ్లకు మించి రాలేదు, వైరు తలుపు సందులో నలిగి అంకెలు ఎగిరిపడటం మొదలైతే మార్చేశాను. ఇప్పటిది మూడోది. ఈ ఉదయం రాయి మీద 40, నీడలో 26. బంగారి రాయి మీద పడుకుని నోరు కాస్త తెరిచి ఉంది, పక్కన మా అమ్మాయి ఆవ ఆకులు చిన్నగా తరుగుతోంది.