పాత పీసీలో ఎంఎఫ్‌ఎం కంట్రోలర్ తీసేస్తే ఏది మేలు?

ఎక్స్‌టీ, ఏటీ తరం (1980ల ఐబీఎం) పీసీల్లో ఎంఎఫ్‌ఎం అనే పాత పద్ధతి హార్డ్‌డిస్క్ కంట్రోలర్ కార్డు తీసేసి, ఏ కంట్రోలర్ వేయాలని అడిగేవాళ్లంతా ముందు స్పీడు సంగతే ఎత్తుతారు. 4.77 మెగాహెర్ట్జ్ 8088లో ఎంత మంచి కార్డు పెట్టినా అడ్డం పడేది ప్రాసెసరే. అసలు తేల్చుకోవాల్సింది బూట్ రోమ్ (డిస్క్ నుంచి బూట్ చేయించే ప్రోగ్రాం ఉన్న చిప్) సంగతి: మెషీన్ దాన్ని గుర్తిస్తుందా, మెమరీలో దానికి చోటుందా?

8 బిట్ స్లాట్లే ఉంటే ఎక్స్‌టీ-ఐడీఈ కార్డు (ఐడీఈ రకం డిస్కులను ఆ స్లాట్లలో నడిపేది), దానికో కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు. ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైను), డీఎంఏ (ప్రాసెసర్‌తో పనిలేకుండా మెమరీకి డేటా పంపే దారి) అక్కర్లేదు. 8 కేబీ రోమ్‌కు చోటు, 300హెచ్ పోర్టు (ఐ/ఓ అడ్రస్) చాలు. మొదటి ఐబీఎం పీసీ 5150లోని 63.5 వాట్ల పవర్ సప్లైకీ హాయి. పాత కంట్రోలర్ పీకేస్తే దాని రోమ్ ఉండే సి800 మెమరీ అడ్రస్‌లోనే కొత్త రోమ్‌ను పెట్టొచ్చు. రెండూ ఉంచుకుంటే డి000కు జరపాలి, అక్కడ ఈఎంఎస్ (అదనపు మెమరీ) వాడుకునే పేజ్ ఫ్రేమ్ ఉంటే మళ్లీ తగాదా. ఇక 5150లో 1982 అక్టోబరు 27 నాటి బయోస్ ఉండాలి. అంతకు ముందువి అదనపు రోమ్‌ల కోసం వెతకనే వెతకవు.

కార్డు బానే ఉండి డిస్క్ దొరకలేదంటే ఎక్స్‌టీఐడీఈసీఎఫ్‌జీలో (కార్డు రోమ్ సెట్టింగులు మార్చే ప్రోగ్రాం) కంట్రోలర్ రకం చూడండి. ఎక్స్‌టీ-ఐడీఈ కార్డు రివిజన్ 2లో ఏ0, ఏ3 అడ్రస్ లైన్లు తారుమారు చేశారు. దాంతో డేటా బైట్లు రెండూ పక్కపక్క పోర్టుల్లోకి వచ్చి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చదవడం కుదిరింది. ఆ కార్డుకు రివిజన్ 1 అని పెడితే రిజిస్టర్లన్నీ తప్పు చోట కనిపిస్తాయి.

286, 386లకు కొత్త కార్డు కొనడం దండగ. మామూలు 16 బిట్ ఐడీఈ కార్డు వేసి, ఎక్స్‌టీఐడీఈ యూనివర్సల్ బయోస్ (డిస్క్‌ను నడిపే బూట్ రోమ్ ప్రోగ్రాం) ఏటీ బిల్డ్‌ను ఈప్రామ్ చిప్‌లో రాసి, నెట్‌వర్క్ కార్డు బూట్ రోమ్ సాకెట్లో గుచ్చండి. ఇమేజ్‌ను ముందే ఎక్స్‌టీఐడీఈసీఎఫ్‌జీలో సేవ్ చేస్తే చెక్‌సమ్ (రోమ్ సరిగా ఉందో చూసే అంకె) అదే సరిచేస్తుంది. సీమాస్‌లో (మెషీన్ సెటప్) హార్డ్‌డిస్క్ లేదని పెట్టండి. పాత బయోస్‌లోని డ్రైవ్ టైపుల పట్టికతో, 504 ఎంబీ హద్దుతో ఇక పనిలేదు. నా ఓటు దీనికే.

ఫ్లాష్ కార్డు బూట్ కాకపోతే పార్టిషన్ యాక్టివ్ చేసి, ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్ కమాండ్ (బూట్ కోడ్‌ను మళ్లీ రాసేది) కొట్టండి. డాస్ 3.3 అయితే ఒక్కో పార్టిషన్ 32 ఎంబీ దాటదు.

స్కజీ (డిస్కులతో పాటు ఇతర పరికరాలూ కలిపే ఇంకో పద్ధతి) కార్డు, స్కజీ స్కానర్, సీడీ డ్రైవ్ ఉన్నవాళ్లకు సరే. అడాప్టెక్ 1542 అనే స్కజీ కార్డు బస్ మాస్టరింగ్ (ప్రాసెసర్‌తో పనిలేకుండా తానే మెమరీకి డేటా పంపే) రకం, ఎక్స్‌టీలో పనికిరాదు. ఈఎంఎం386 అనే మెమరీ డ్రైవర్‌తో వాడేటప్పుడు బఫర్ల గొడవ చూసుకోవాలి.

ఆర్‌ఎల్‌ఎల్ (ఎంఎఫ్‌ఎం కన్నా ఒత్తుగా డేటా రాసే పద్ధతి) కంట్రోలర్ ట్రాక్‌కు 17 సెక్టార్లను 26 చేస్తుంది, కానీ ఎంఎఫ్‌ఎం కోసం చేసిన డిస్క్ దాన్ని ఎక్కువకాలం తట్టుకోదు. కంట్రోలర్ మారిస్తే లో-లెవెల్ ఫార్మాట్ (డిస్క్‌పై సెక్టార్లను మళ్లీ గీయడం, ఉన్న డేటా పోతుంది) తప్పనట్టే, పాత కార్డు పీకకముందే డేటా తీసుకోండి.